వెనుకబడినవారికి తోడు: కొండదారి పరుగుల కథ

“పరుగెత్తి పాలు త్రాగేకంటె నిలబడి నీళ్లు త్రాగడం మేలు” అని మన పెద్దలొక సామెత చెప్పినారు. ఎక్కడ ఉన్నా తెలుగు ఇంట ఈ మాట వినబడుతూనే ఉంటుంది. అయితే మన కుటుంబాల చరిత్ర చూసుకుంటే, మనవారెవరూ నిలబడి నీళ్లు త్రాగినవారు కారు. నిలబడినట్లయితే ఊరు దాటి, ఏరు దాటి, ఈ కన్నడ సీమకు వచ్చి నాలుగు తరాలు కాపురం చేసి ఉండేవారే కారు. కనుక పరుగును గూర్చి నాలుగు మాటలు వ్రాయడానికి ఉగాది సంచికకంటె తగిన చోటు వేరే లేదని మాకు తోచినది.

వ్రాయడానికి మరొక కారణం కూడ ఉన్నది. గత సంవత్సరం ఉగాది తరువాత మన సంఘ సభ్యులు కొందరు ఆదివారాలలో తెల్లవారుజామున లాల్‌బాగులో కలిసి పరుగెత్తడం మొదలుపెట్టినారు. మొదటి వారం ముప్పైమందికి పైగా వచ్చినారు. అందులో కాలేజీ కుర్రవాళ్లున్నారు, కార్యాలయాలలో రోజంతా కూర్చునేవారున్నారు, మనవలనెత్తిన తల్లులున్నారు, చక్కెర వ్యాధికి మాత్రలు మ్రింగే మావంటి వారును ఉన్నారు. సమతలమైన బాటలో నాలుగు వారాలు గడిచినవి. అయిదో వారం ఎవరో గుట్ట ఎక్కుదామన్నారు. లాల్‌బాగు గుట్ట సంగతి మీకు తెలియనిది కాదు. మూడువందల కోట్ల సంవత్సరాల నాటి రాయి అది. దాని నెత్తిన కెంపేగౌడ గోపురం ఉన్నది. ఎత్తు పెద్దది కాదుగాని మాలో భేదాలు బయటపెట్టడానికి ఆ ఎత్తే చాలినది.

కుర్రవాళ్లు చివ్వున పైకి పోయినారు. మేము సగంలోనే నడుముమీద చేతులు వేసుకొని నిలబడినాము. పైన ఒకడు, “బాబాయిగారూ, మిమ్మల్ని కాచుకొని నిలబడితే మా కాళ్లు చల్లబడిపోతున్నాయండీ” అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. పక్కనే ఉన్న ఒక పెద్దామె, “మావల్ల మీకెందుకు నాయనా యిబ్బంది” అన్నది. ఆమె మాటలోను తప్పు లేదు. కాని మరుసటి వారం ఆమె రాలేదు. ఆ మరుసటి వారం ఇంకో నలుగురు రాలేదు. ఈనాటికి గుంపులో మిగిలినవారు పన్నెండుగురు. వేగంగా పోయేవారు వేరే గుంపు కడతామంటున్నారు. నెమ్మదిగా పోయేవారు ఇంటిపట్టున ఉంటామంటున్నారు. కమిటీవారు ఈ విషయం వచ్చే నెల చర్చకు పెట్టబోతున్నారు.

ఈ తగవు మనకు క్రొత్తగాని లోకానికి క్రొత్త కాదు. కొండమీద పరుగును, గుంపుగా పరుగును ఒక పద్ధతిగా నేర్పిన చోట ఈ ప్రశ్న ఇంతకు ముందే వచ్చినది. దానికి సమాధానమును దొరికినది. ఆ కథ మన దేశానికి బహుదూరమైన న్యూజిలాండులో, ఆక్లండ్ అనే రేవుపట్టణంలో మొదలవుతుంది.

ముందుగా ఆ కాలపు అభిప్రాయం తెలుసుకోవాలి. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా పెద్దవాడు వీధిలో పరుగెత్తినాడంటే ఇల్లు అంటుకున్నదనో, రైలు తప్పిపోతున్నదనో అనుకునేవారు. పరుగు పందెగాళ్లది, పందెం కుర్రతనానిది. ముప్పై దాటినవానికి కుర్చీయే తగినదన్నారు. గుండెపోటు వచ్చినవారినైతే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కారు. వైద్యులకు తెలిసిన మేలు అదే.

ఆ నమ్మకాన్ని మొదట కదిలించినవాటిలో లండను బస్సులను గూర్చిన పరిశోధన ఒకటి. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి ఆ నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేసేవారిని పరిశీలించి, 1953లో ‘లాన్సెట్’ అనే వైద్యపత్రికలో ఫలితాలు ప్రకటించినారు. డ్రైవరు, కండక్టరు ఒకే బస్సులో, ఒకే వీధులలో, ఇంచుమించు ఒకే జీతగాళ్ల బస్తీలనుండి వచ్చి పనిచేసేవారు. భేదమల్లా ఒక్కటే. డ్రైవరు పూటంతా కూర్చునేవాడు. కండక్టరు టిక్కెట్లకోసం పూటంతా మెట్లెక్కుతూ దిగుతూ ఉండేవాడు. గుండెజబ్బు డ్రైవర్లలోనే హెచ్చుగా కనబడినది. కండక్టర్లకు వచ్చినా ఆలస్యంగా, అంత తీవ్రంగా కాకుండా వచ్చినది. చూచితిరా, ఆ కండక్టరు రోజూ ఎక్కినది ఒక చిన్న కొండే! జీతం తీసుకొని ఎక్కినాడు గాని, ఎక్కడం మాత్రం ఎక్కినాడు.

ఇక ఆక్లండ్ సంగతి. ఆర్థర్ లిడియార్డ్ 1917 జూలై 6న ఆ పట్టణంలో పుట్టినారు. చెప్పుల ఫ్యాక్టరీలో పనివాడు. రగ్బీ ఆడేవారు గనుక తన ఒంటికి ఢోకా లేదనుకునేవారు. ఇరవై ఎనిమిదేళ్లకు కాస్త అటూ ఇటూ వయసులో, ఆటల క్లబ్బుకు పెద్దగా ఉన్న ఒక మిత్రుడు ఆయనను అయిదు మైళ్ల పరుగుకు వెంటబెట్టుకొని పోయినాడు. వయసులో ఆ మిత్రుడే పెద్ద. అయినా ఆయన తేలికగా పోతుంటే లిడియార్డ్‌కు ఊపిరి అందలేదు, గుండె దడదడలాడినది. ఇంటికి వచ్చి ఆలోచించినారట: ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లకే ఇట్లుంటే నలభై ఏడేళ్లకు నా గతి ఏమి?

ఆ ప్రశ్నకు ఆయన పుస్తకాలలో సమాధానం వెదుకలేదు. తన కాళ్లనే ప్రయోగశాల చేసుకున్నారు. సంవత్సరాల తరబడి ఒక వారం తక్కువ దూరం, మరొక వారం విపరీతమైన దూరం పరుగెత్తి చూచినారు. నెమ్మదిగా పోతే ఏమవుతుంది, వేగంగా పోతే ఏమవుతుంది, ఎన్ని మైళ్లకు ఒళ్లు చితుకుతుంది, ఎన్ని మైళ్లకు ఒళ్లు పుష్టిపడుతుంది అన్నవి స్వయంగా అనుభవించి తెలుసుకున్నారు. వారానికి సుమారు వంద మైళ్లు, ఊపిరి ఎగబీల్చనంత నిదానంలో పరుగెత్తితే దేహానికి గట్టి పునాది పడుతుందని తేల్చుకున్నారు. ఈ పనివాడే 1953లోను 1955లోను న్యూజిలాండు మారథాన్ విజేత అయినాడు.

ఆయన పరుగెత్తుతుంటే చుట్టుపక్కల పేటల కుర్రవాళ్లు వెంటబడినారు. ఎవరినీ దేశమంతా గాలించి ఏరి తెచ్చుకోలేదు. ఒవైరాకా అనే పేటలోని క్లబ్బు వారికి కేంద్రమైనది. ఆదివారం ఉదయం లిడియార్డ్ ఇంటి దగ్గర అందరూ చేరేవారు. అక్కడినుండి పడమటనున్న వైటాకెరె కొండలలోకి పోయి, వైయటరూవా మీదుగా చుట్టి, మరల ఇంటికి రావాలి. మొత్తం 22 మైళ్లు, అనగా 35 కిలోమీటర్లు. రెండు నిమిషాలలోపు ముగిసే అరమైలు పందెగాడైనా, రెండున్నర గంటల మారథాన్ వీరుడైనా దారి ఒక్కటే. పీటర్ స్నెల్ అనే అరమైలు పందెగాడు కూడ ఆ కొండదారి పూర్తిగా పరుగెత్తవలసినదే.

ఈ పద్ధతి చూచి నవ్వినవారున్నారు. రెండు మైళ్ల పందానికి ఇరవై రెండు మైళ్ల సాధన ఏమిటి అన్నారు. 1960 సెప్టెంబరు 2న రోము ఒలింపిక్ పోటీలలో సమాధానం దొరికినది. ఆ సాయంకాలం స్నెల్ 800 మీటర్లలో స్వర్ణపతకం గెలిచినాడు. సుమారు గంట గడిచిందో లేదో, రగ్బీ ఆటలో దెబ్బతిని ఎడమచేయి చచ్చుబడిన మర్రే హాల్బర్గ్ 5,000 మీటర్లలో మరొక స్వర్ణపతకం గెలిచినాడు. కొన్నాళ్లకు అదే పోటీలలో బారీ మగీ మారథాన్‌లో మూడవవాడైనాడు. ఆ పందెంలో మొదటివాడు వట్టికాళ్లతో పరుగెత్తిన ఇథియోపియా వీరుడు అబెబె బికిలా. పాతిక లక్షల జనాభా అయినా లేని దేశంలో, ఒకే గురువు దగ్గర, ఒకే కొండదారిలో చెమటోడ్చిన ముగ్గురు పతకాలు తెచ్చినారు. స్నెల్ 1964లో టోక్యోలో 800, 1,500 మీటర్ల పందాలు రెండూ గెలిచినాడు.

ఇక్కడ కొండ చేసే పని ఏమిటో కొంచెం వివరించాలి. సమతలంలో పరుగెత్తేవాడు తన బరువును ముందుకు తోసుకొంటాడు. ఎత్తులో ఆ బరువును అడుగడుగునా పైకి లేపుకోవాలి. ఇనుపగుండ్లు ఎత్తకుండానే తొడలకు, పిక్కలకు, చీలమండలకు ఆ సాధన దొరుకుతుంది. వేగం తగ్గినా గుండె, ఊపిరితిత్తులు మాత్రం గట్టిగా పనిచేస్తాయి. అడుగు మీద పడే అదురు కూడ ఎక్కేటప్పుడు తక్కువ. దిగేటప్పుడే జాగ్రత్త కావాలి. తొడ కండరాలు బరువును ఆపుకొంటూ సాగవలసి వస్తుంది గనుక మర్నాడు నొప్పి పుట్టేది దిగినందువల్లనే. ఎక్కడం అలుపునిస్తుంది, దిగడం నొప్పినిస్తుంది అని గుర్తుంచుకొంటే చాలు.

లిడియార్డ్ పద్ధతిలో కొండ మొదట రాదు. ముందు కొన్ని నెలలు దూరపు పరుగు. ఆ పునాది పడిన తరువాత కొన్ని వారాలు కొండ. ఆ తరువాతనే మైదానంలో వేగపు సాధన. కొండ వారాలలో ఏమి చేసేవారంటే, ఏటవాలు దారిలో మోకాళ్లు పైకెత్తి, చీలమండలతో నేలను తన్నుతూ, లేడిలా గంతులు వేస్తూ ఎక్కేవారు. పైన కొంతదూరం తేలికగా సాగి ఊపిరి నిలద్రొక్కుకొనేవారు. తరువాత అంగలు సాచి వదులుగా దిగేవారు. క్రింద సమతలంలో కొన్ని చిన్న చిన్న వేగపు పరుగులు చేసి మరల ఎక్కేవారు. అది ఒక చుట్టు. ఒక్కొక్కడు తన శక్తికొద్దీ ఎన్ని చుట్లయినా చేయవచ్చు. ఈ ‘చుట్టు’ అన్న మాట పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి. మన తగవుకు మందు అందులోనే ఉన్నది.

పతకాల కథ ఇంతటితో చాలును. మాకు అంతకంటె గొప్పదిగా తోచేది దాని ప్రక్కన నిశ్శబ్దంగా జరిగిన మరొక కథ. వీరులను తయారుచేసిన ఆ మనిషే, నడివయసు వర్తకులను, బొజ్జలు పెరిగినవారిని, గుండెజబ్బు తగిలినవారిని కూడ నెమ్మదిగా పరుగెత్తమని ప్రోత్సహించినాడు. పందెగాళ్లకు పునాదిగా పనికివచ్చిన నిదానపు పరుగే వీరికి మొత్తం ఔషధం కావచ్చునన్నాడు. ప్రక్కవానితో మాట్లాడుతూ పరుగెత్తగలగాలి. మాట ఆగిపోతే వేగం మితిమీరినదన్నమాట. ఇదే ఆయన కొలబద్ద. దీనికి గడియారం అక్కరలేదు గాని, ప్రక్కన ఒక మనిషి మాత్రం తప్పక ఉండాలి.

1962 ఫిబ్రవరిలో ఆక్లండ్ దినపత్రిక ‘న్యూజిలాండ్ హెరాల్డ్’ ఆటల పుటలో ఒక వార్త వచ్చినది. మాజీ క్రీడాకారులు, ఆరోగ్యాభిలాషులు కొందరు వారానికొకసారి కలిసి పరుగెత్తబోతున్నారనీ, వారి ఉద్దేశం దేహదారుఢ్యం, స్నేహం రెండూననీ ఆ వార్త సారాంశం. ఆ గుంపుకు ఆక్లండ్ జాగర్ల క్లబ్బు అని పేరు పెట్టవచ్చునని పత్రికే సూచించినది. ‘జాగర్’ అన్న మాట మనుష్యునికి వాడడం అదే మొదలని చెబుతారు. లిడియార్డ్‌కు తోడు నిలిచి ఈ క్లబ్బును నడిపినవారిలో ముఖ్యుడు కోలిన్ కే. ఆయన తరువాత 1980 నుండి 1983 వరకు ఆ నగరానికి మేయరుగా ఉన్నారు. దారుఢ్యంతో పాటు స్నేహాన్ని కూడ నియమంగా పెట్టుకొని పుట్టిన సంఘమని గమనించండి. మన సంఘాలు కూడ అట్లే పుట్టినవి గదా!

ఆ సంవత్సరం చివర అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయపు పరుగు శిక్షకుడు బిల్ బోవర్‌మన్ తన శిష్యులతో న్యూజిలాండు వచ్చినారు. వయసు యాభై ఒకటి. లోకప్రసిద్ధులైన పందెగాళ్లను తయారుచేసినవాడు గనుక తన ఒళ్లు కూడ బాగానే ఉన్నదనుకున్నారు. ఒక ఆదివారం ఉదయం లిడియార్డ్ ఆయనను జాగర్ల గుంపుతో పరుగుకు పిలిచినారు. ఆడవారు, మగవారు, పిల్లలు, ముసలివారు అందరూ ఉన్నారు. అరమైలు బాగానే సాగినది. తరువాత కొండ వచ్చినది. శిక్షకులవారికి ఊపిరి ఆడలేదు. ప్రాణం పోతుందేమో అనిపించినది. గుంపు ముందుకు సాగిపోయినది.

అప్పుడు డెబ్బయి దాటిన ఒక వృద్ధుడు వెనుకకు తగ్గి ఆయన ప్రక్కకు వచ్చినాడు. ఆ వృద్ధునికి అంతకుముందే గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నది. ఒక్కసారి కాదు, అనేక సార్లు. ఆయన తన పరుగు మానుకొని, ఈ విదేశీయునితో కబుర్లు చెబుతూ, ఆయన వేగానికే తన వేగం తగ్గించుకొని, దారి చూపి, క్షేమంగా తీసుకొనివచ్చినాడు. ముందుకు పోగలిగి కూడ వెనుక నిలిచినాడు. బోవర్‌మన్‌కు సిగ్గు కలిగినది. మరునాటినుండి తాను ఉన్నన్నాళ్లూ రోజూ పరుగెత్తినారు. స్వదేశం చేరేసరికి బరువు తగ్గి, నడుము సన్నబడి, క్రొత్తమనిషైనారు.

ఈ సంఘటనను మేము ఎన్నిసార్లు తలచుకొన్నా తనివి తీరదు. ఆ గుంపు తగినవారితో మాత్రమే కూడినదైతే, ఆ వృద్ధునికి అందులో చోటే ఉండేది కాదు. ఆయన లేకపోతే ఆ ఆదివారం బోవర్‌మన్ అవమానంతో బసకు చేరి, పరుగు తన వయసువారికి పనికిరాదని తేల్చుకొని ఉండేవారు. పతకాల గురువు నేర్పలేని పాఠాన్ని పేరు ప్రఖ్యాతులు లేని ఒక గుండెరోగి నేర్పినాడు.

1963 మొదట్లో బోవర్‌మన్ తన ఊరైన యూజీన్‌లో ప్రజలను పరుగుకు పిలిచినారు. మొదట పదులలో వచ్చినారు. కొన్ని వారాలు తిరిగేసరికి వేలు దాటినారు. ఆయనకు భయం పుట్టినది. తయారీ లేనివారు పంతానికి పోయి ఎవరైనా కూలిపోతే? వెంటనే వారిని ఆపి, వారి వారి పేటలలో నిదానంగా సాగమని పంపివేసి, డాక్టర్ డబ్ల్యు. ఇ. హారిస్ అనే గుండె వైద్యునితో కలిసి నడివయసువారికి తగిన క్రమాన్ని పరీక్షించినారు. నడకతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పరుగు కలుపుతూ, ఒకరోజు శ్రమ తరువాత ఒకరోజు తెరిపి ఇచ్చే పద్ధతి అది. ఇద్దరూ కలిసి వ్రాసిన ‘జాగింగ్’ అనే పుస్తకం 1967లో వెలువడినది. అమెరికాలో లక్షలాది సామాన్యులు వీధులలో పరుగెత్తడానికి అది ద్వారం తెరిచినది. లిడియార్డ్ కూడ 1967 నుండి కొంతకాలం ఫిన్లండులో శిక్షణ ఇచ్చినారు. ఆయన పద్ధతి అక్కడ నాటుకొన్నది. 1972 మ్యూనిక్ ఒలింపిక్ పోటీలలో ఫిన్లండువారు 1,500, 5,000, 10,000 మీటర్ల పందాలు మూడూ గెలుచుకున్నారు. అదే 1972లో ఆక్లండ్‌లో సముద్రతీరం వెంట సామాన్యులందరి పరుగు ఆరంభమైనది.

ఈ చరిత్రలో స్త్రీల మాట చెప్పకుంటే సగం కథ చెప్పినట్లే. ఆ రోజులలో స్త్రీ దేహం దూరపు పరుగుకు తగినది కాదని క్రీడాసంఘాలవారు గట్టిగా నమ్మేవారు. 1964 ఆగస్టు 16న ఆక్లండ్‌లోనే మిల్లీ శాంప్సన్ మారథాన్‌ను 3 గంటల 19 నిమిషాల 33 సెకన్లలో పూర్తిచేసినది. అప్పటికి స్త్రీలలో అంత వేగంగా పూర్తిచేసినవారు ప్రపంచంలో లేరు.

ఇక 1966 ఏప్రిల్ 19. చంద్రమానం ప్రకారం అది పరాభవ నామ సంవత్సరం. అనగా ఈ ఉగాదితో మనం అడుగుపెడుతున్న సంవత్సరపు పేరే. ఆనాడు అమెరికాలో బోస్టన్ మారథాన్. బాబీ గిబ్ అనే ఇరవై మూడేళ్ల యువతి దరఖాస్తు పెట్టగా, స్త్రీలకు అంత దూరం పరుగెత్తే శక్తి లేదని నిర్వాహకులు తిరస్కరించినారు. పరాభవమంటే ఇంతకంటె ఏముంటుంది? ఆమె పందెం ప్రారంభమయ్యే చోట పొదల మాటున దాగి, మగవారి గుంపు కదలగానే అందులో కలిసినది. గుర్తుపట్టకుండా తొడిగిన దళసరి చొక్కాలో ఉడికిపోతున్నది. విప్పితే పట్టుకొని వెళ్లగొడతారేమోనని భయం. వెనుక వచ్చే పురుషులు సంగతి గ్రహించినారు. నిన్ను ఎవరూ వెళ్లగొట్టకుండా మేము చూసుకుంటామని ధైర్యం చెప్పినారు. ఆమె చొక్కా విప్పి, న్యూటన్ కొండలన్నీ ఎక్కి, 3 గంటల 21 నిమిషాల 40 సెకన్లలో గమ్యం చేరినది. పోటీలో మూడింట రెండువంతుల మగవారు ఆమె వెనుకనే ఉన్నారు. ఆనాడు అధికారికంగా ఆమె పేరు ఎక్కలేదు; 1996లో నిర్వాహకులు 1966, 1967, 1968 సంవత్సరాలకు ఆమెనే స్త్రీలలో విజేతగా అంగీకరించినారు. స్త్రీలకు ఒలింపిక్ మారథాన్ 1984లో గాని రాలేదు. నియమాలు మారడానికి ఇన్నేళ్లు పట్టినది గాని, ప్రక్కన పరుగెత్తే సాటివారు చోటు ఇవ్వడానికి ఒక్క నిమిషం చాలినది.

ఆ గాలి మన దేశానికీ వీచినది. ముంబయి మారథాన్ 2004లో, మన బెంగుళూరు పది కిలోమీటర్ల పరుగు 2008లో, హైదరాబాదు మారథాన్ 2011లో మొదలైనవి. హైదరాబాదు పరుగు వంతెనలెక్కి దిగే మిట్టపల్లాల దారి గనుక కొండ సాధన లేనివారిని ఏడిపిస్తుందని అక్కడ పరుగెత్తి వచ్చిన మన కుర్రవాళ్లే చెబుతుంటారు. ఇవన్నీ పందెగాళ్లకోసం మాత్రమే ఏర్పడినవి కావు. వీటిలో వేలమంది తమ గమ్యం తాము చేరడానికే పరుగెత్తుతారు. వారిని తయారుచేసేవి ఆయా పేటలలో తెల్లవారుజామున చేరే చిన్న చిన్న గుంపులే.

ఇక మన గుంపు తగవుకు వద్దాము. కుర్రవాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. బలిసిన కాళ్లకు పని కావాలి. ప్రతివారం గుట్టమీద నిలబడి కాచుకొనమంటే వారికి విసుగు పుడుతుంది. పెద్దల సంకోచం కూడ న్యాయమైనదే. ఎవరిదారికీ అడ్డం కాకూడదని బ్రతికినవారు. తమకోసం పదిమంది నిలబడితే వారికి ముల్లుమీద ఉన్నట్లుంటుంది. అయితే ఈ యిబ్బంది గుట్టది కాదు, మేము గుట్టను ఎక్కిన తీరుది. అందరూ ఒకేసారి బయలుదేరి, ఒకే శిఖరం చేరి, కలిసి దిగాలని పెట్టుకున్నాము. అట్లా పెట్టుకుంటే ఒకడు ముందు, ఒకడు వెనుక కాక తప్పదు.

ఆక్లండ్‌వారి ‘చుట్టు’ను మనం తీసుకొందాము. క్రింది నుండి గోపురం దాకా ఎక్కి దిగితే ఒక చుట్టు. గంటసేపు అని గడువు పెట్టుకుంటే, కుర్రవాడు ఎనిమిది చుట్లు తిరుగుతాడు, నడివయసువాడు నాలుగు, మావంటివాడు నడిచి రెండు. ఎవరూ ఎవరికోసం ఆగనక్కరలేదు. ఎవరూ ఎవరినుండి తప్పిపోరు. పైకి పోయేవానికి దిగివచ్చేవాడు ప్రతి చుట్టులోను ఎదురవుతాడు. ఎదురైనప్పుడు “ఇంకొక్క పది అడుగులే, పెద్దమ్మా” అంటే చాలును. చూచేవారికి అక్కడ మొదటివాడెవడో చివరివాడెవడో తెలియనే తెలియదు. ఇది మా కల్పన కాదు. కొండచుట్టు స్వభావమే అది.

రెండవది, ప్రతివారం కుర్రవాళ్లలో ఒకడు వంతు వేసుకొని, ఆ ఒక్కరోజు తన వేగం మాని చివరివారితో నడవాలి. డెబ్బయి దాటిన గుండెరోగి చేయగలిగిన పనిని ఇరవై ఏళ్లవాడు ఏడాదికి నాలుగైదుసార్లు చేయలేడా? మూడవది పెద్దలకు మనవి. కొండ మొదట రాదని గుర్తుంచుకొని, కొన్ని నెలలు సమతలంలో నడిచి, మాట ఆగనంత పరుగు కలుపుకొని, తరువాతనే గుట్టవైపు చూడాలి. చక్కెర వ్యాధి, రక్తపు పోటు, గుండె బాధ ఉన్నవారు ముందుగా వైద్యుని అడగడం తప్పనిసరి. పంతం పనికిరాదు, బోవర్‌మన్ వేలమందిని ఇళ్లకు పంపినది ఆ భయంతోనే.

ఒక మాట చెప్పి ముగిస్తాము. మన తాతలు ఈ ఊరికి వచ్చినప్పుడు భాష రాదు, అద్దెకు ఇల్లు ఇచ్చేవారు లేరు. ముందు వచ్చి నిలద్రొక్కుకున్నవారు వెనుక వచ్చినవారిని తమ వసారాలో పడుకోబెట్టుకున్నారు, పని చూపించినారు, అంగట్లో అప్పు ఇప్పించినారు. అందువల్ల వారి సంపాదన కొంత ఆలస్యమైనది కాబోలు. ఆ ఆలస్యంలోనే ఈ సంఘం పుట్టినది. ఆ తాతల మనవలమైన మనం ఒక గుట్టమీద అయిదు నిమిషాల ఆలస్యానికి గుంపు చీల్చుకుంటే, వారి ఎదుట ఏ ముఖం పెట్టుకొని పంచాంగం వింటాము?

లిడియార్డ్ 2004 డిసెంబరు 11న అమెరికాలో ఉపన్యాస యాత్ర చేస్తుండగా కన్నుమూసినారు. ఎనభై ఏడేళ్ల వయసులో కూడ ఆయన ఊరూరా తిరిగి చెప్పినది పరుగును గూర్చియే. ఈ సంవత్సరం పేరు పరాభవ అని కొందరు శంకిస్తున్నారు. వెనుకబడడం పరాభవం కాదు. వెనుకబడినవానిని విడిచిపోవడమే పరాభవం. గత పరాభవలో బాబీ గిబ్ ప్రక్కన పరుగెత్తిన అజ్ఞాత పురుషులు ఆ పేరును గెలిచినారు. మనమూ గెలుద్దాము.

ఉగాది తరువాతి ఆదివారం తెల్లవారి అయిదున్నరకు మేము లాల్‌బాగు గుట్ట పాదం దగ్గర ఉంటాము. రాకుండా పోయిన పెద్దామె ఇంటికి ముందురోజు వెళ్లి స్వయంగా పిలుస్తాము. “కాళ్లు చల్లబడుతున్నాయి” అన్న కుర్రవాడు తానే వచ్చి ఆమెను తీసుకొని వస్తానన్నాడు. పచ్చడి రుచులు ఆరు. అందులో చేదును ఒక్కరే మ్రింగకుండా అందరం కలిసి తినడమే పండుగ. పాఠకులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.